బడి కమిటీ సభ్యులకు ఊరిచ్చే తప్పుడు సలహాలు

కమిటీకి ఎన్నికైన రోజు సాయంత్రానికే సలహాలు మొదలవుతాయి. రచ్చబండ దగ్గర ఒకరు చెబుతారు, కిరాణా కొట్టు దగ్గర ఇంకొకరు చెబుతారు, ఇంటికి వస్తే బావగారు చెబుతారు. ఎవరూ చెడు కోరి చెప్పరు. ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి, అందులో చాలా ఏళ్లు హెచ్‌ఎంగా, కమిటీ కన్వీనరుగా ఉన్నవాణ్ని. ఆ సలహాలన్నీ విన్నాను. కొన్ని నేనే ఇచ్చాను. వాటిని పాటిస్తే బడి ఏమవుతుందో కళ్లతో చూశాను కనుక, కొత్తగా కమిటీలోకి వచ్చే అమ్మలకూ నాన్నలకూ అవేమిటో, ఎందుకు వినకూడదో చెప్పాలనిపించింది.

ముందు ఎన్నిక రోజు వినిపించే మాట.

"ఎన్నిక దేనికండీ, నలుగురు పెద్దమనుషులు కూర్చుని పేర్లు రాసేస్తే పోతుంది."

ఊళ్లో తగవులు వద్దని చెప్పే మాట ఇది. పైకి మంచిగానే కనిపిస్తుంది. కానీ పెద్దమనుషులు రాసే జాబితాలో ఎవరి పేర్లుంటాయో మనకు తెలుసు. వాళ్లలో సగం మంది పిల్లలు కాన్వెంటు బస్సెక్కి పట్నం వెళ్తుంటారు. ఈ బడిలో అన్నం తినే పిల్ల తల్లి పేరు ఆ జాబితాలో ఉండదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ సరిగ్గా ఈ జబ్బుకే మందు రాసింది. కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయ్యుండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వెనకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటుండాలి.

మన ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని తరగతుల వారీగా చేశారు. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడిలో అలా పదిహేను మంది. అధ్యక్షుణ్నీ ఉపాధ్యక్షుణ్నీ ఎన్నుకునేది వాళ్లలో నుంచే. హెచ్‌ఎం సభ్య కన్వీనరు. ఇంకో టీచరు, వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్‌ఎం, మహిళా సమాఖ్య నాయకురాలు పదవి రీత్యా వస్తారు. సర్పంచిగారు తలచుకుంటే ఏ సమావేశానికైనా రావచ్చు. ఆయన్ను గౌరవంగా కూర్చోబెట్టండి. అధ్యక్షుడి కుర్చీలో మాత్రం వద్దు. అది తల్లిదండ్రులది.

ఎన్నిక చెయ్యెత్తి చేసేదే, గంటలో అయిపోతుంది. సగం మంది తల్లిదండ్రులైనా రావాలి కదా, రారే అంటారు. ఉదయం పదింటికి పెడితే కూలికి వెళ్లిన మనిషి ఎలా వస్తుంది? ఒకసారి నేను పిల్లలతో ఇంటింటికీ చీటీ పంపి, నాట్లు లేని రోజు చూసుకుని పెట్టాను. బడి వరండా పట్టలేదు.

"మీ ఆవిడ పేరు రాయించు, మీటింగులకు నువ్వు పో."

ఇది అన్నిటికన్నా ఎక్కువ వినే సలహా. సగం మంది ఆడవాళ్లుండాలన్న నియమాన్ని ఊరు ఇలా జీర్ణం చేసుకుంటుంది. రిజిస్టరులో ఆమె పేరు, కుర్చీలో ఆయన. ఆయన రాని రోజు వాళ్లన్నయ్య. అడిగితే "ఆవిడకేం తెలుసు మాస్టారూ, చదువుకోలేదు" అంటారు.

బడి గురించి ఎవరికి ఏం తెలుసో చూద్దాం. పిల్ల పొద్దున ఏం తిని వెళ్లిందో అమ్మకు తెలుసు. సాయంత్రం ఆకలితో వచ్చి గిన్నెలు వెతుక్కుంటుంటే, మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదని తెలిసేది ఆమెకు. నాలుగో తరగతి ఆడపిల్ల మంచినీళ్లు తాగకుండా ఇంటికొస్తోందంటే బడిలో మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని అర్థం. ఆ సంగతి పిల్ల నాన్నకు చెప్పదు, మాస్టారికి అసలే చెప్పదు. పదిహేనేళ్లు హెచ్‌ఎంగా ఉన్నా మా బడి మరుగుదొడ్డి తలుపు సంగతి నాకు కమిటీలోని ఒక తల్లి చెబితేనే తెలిసింది. ఆమె నిశాని. అక్షరం రాదు. ఆమె బదులు మొగుడు వచ్చుంటే ఆ తలుపు ఇంకో రెండేళ్లు అలాగే ఉండేది.

అయ్యా, మీ ఇంటావిడ సభ్యురాలైతే ఆ పూట వంటా గేదె పనీ మీరు చూసుకోండి. ఆమెను పంపండి. బడి వరకూ తోడు రండి, తప్పు లేదు. గుమ్మం దగ్గర ఆగిపోండి.

"సంతకమేగా. పెట్టేసి పనికి పో."

ఈ సలహా దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే ఇది నేనిచ్చిన సలహా.

గ్రాంటు ఖర్చుకు కమిటీ తీర్మానం కావాలి. ఆ రోజుల్లో చెక్కు మీద హెచ్‌ఎంతో పాటు అధ్యక్షుడి సంతకం కూడా ఉండేది. మార్చి 31 లోగా డబ్బు ఖర్చుపెట్టి వినియోగ పత్రం పంపాలి, లేకపోతే వెనక్కి పోతుంది. గ్రాంటు వచ్చేదేమో ఏడాది చివర్లో. అందరినీ కూడదీసే తీరిక లేదని, నేనే తీర్మానం రాసి, రిజిస్టరూ స్టాంపు ప్యాడూ ఐదో తరగతి కుర్రాడి చేతికిచ్చి ఇంటింటికీ పంపేవాణ్ని. మధ్యాహ్నానికి పదిహేను వేలిముద్రలతో పుస్తకం తిరిగొచ్చేది. సమావేశం జరిగినట్టు, చర్చించినట్టు, ఏకగ్రీవంగా ఆమోదించినట్టు కాగితం మీద ఉండేది. మండలంలో చాలా బళ్లలో పద్ధతి అదే. ఎవరైనా అడిగితే "ఏం లేదమ్మా, మామూలు తీర్మానమే" అనేవాణ్ని.

ఒక ఏడాది కుర్రాడు ఒక వేలిముద్ర తక్కువతో వచ్చాడు. "మా పిన్ని వెయ్యనంది సార్" అన్నాడు. కాసేపటికి ఆమే వచ్చింది, కొడవలి చేతిలో పట్టుకుని, పొలం నుంచి నేరుగా. "అందులో ఏం రాశారో చదవండి మాస్టారూ" అంది. చదివాను. బడికి సున్నం వేయించినందుకు ఇంత, సుద్దముక్కలకూ చీపుర్లకూ ఇంత అని. "సున్నం ఎప్పుడేశారు?" అంది. ఇంకా వెయ్యలేదు, సెలవుల్లో వేయిద్దామని బిల్లు ముందే తీసుకున్నాను. పైసా ఇంటికి పట్టుకెళ్లే ఉద్దేశం లేదు. అదంతా చెప్పాను. ఆమె విని, "ముందు గోడ చూపించండి. తర్వాత వేస్తా వేలిముద్ర" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. తెల్లారేసరికి సిగ్గేసింది. సున్నం మనుషులను పిలిపించి రెండు రోజుల్లో గోడలకు సున్నం వేయించాను. ఆమెను పిలిస్తే వచ్చి, నాలుగు గదులూ తిరిగి చూసి, వేలిముద్ర వేసింది. ఆ తర్వాత నేను రిజిస్టరు ఎవరింటికీ పంపలేదు. డబ్బు తినే ఉద్దేశం నాకు లేదన్నది నా సంగతి. జరగని సమావేశానికి పదిహేను వేలిముద్రలు పోగయ్యే అలవాటున్న బడిలో, నా తర్వాత వచ్చే మనిషి ఉద్దేశం ఏమిటో ఆ పుస్తకం చెప్పదు.

ఇప్పుడు చెల్లింపులు చాలావరకు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. అయినా తీర్మానాల పుస్తకం ఉంది, దాని కింద మీ గుర్తు ఉంది. సమగ్ర శిక్ష పథకం వచ్చిన 2018 నుంచి చిల్లర గ్రాంట్లన్నీ కలిపి ఒకటే ఇస్తున్నారు. మరీ చిన్న బడులను పక్కన పెడితే, పిల్లలు వంద లోపున్న పల్లె బడికి ఏడాదికి 25,000 రూపాయలు, వంద దాటి 250 దాకా ఉంటే 50,000. అందులో పదో వంతైనా శుభ్రతకే పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు తొలి విడతలో 15,715 బళ్లు. పనులు చేయించింది తల్లిదండ్రుల కమిటీలే. సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చాయి, టైల్సు ఎన్ని పగిలాయి అని లెక్క చూసుకోవలసింది ఆ కూలి తల్లులూ ఆటో నాన్నలే. లక్షల రూపాయల పని అది. చదివి వినిపించకుండా సంతకం అడిగితే ఏం చెయ్యాలో సున్నం రోజున మా బడిలో ఆమె నేర్పింది.

"కమిటీ అంటే సలహా చెప్పేదే. వింటే వింటారు, లేకపోతే లేదు."

చదువుకున్నవాళ్లే ఈ మాట అంటారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ప్రమాదం. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు, ఎయిడెడ్ బళ్లలో, మైనారిటీ సంస్థల బళ్లలో కమిటీ పని సలహా వరకేనని చేర్చారు. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఈ సెక్షను వర్తించనే వర్తించదు. సర్కారు బడి సంగతి వేరు. అక్కడ చట్టం కమిటీకి అప్పగించిన పనులు: బడి నడిచే తీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి సిఫార్సు చేయడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం. "మీరు సలహాదారులే" అని సర్కారు బడిలో ఎవరన్నా అంటే, ఆయన చూస్తున్నది వేరే బడి నియమం.

అసలు ఈ ఆలోచన మనకు విద్యాహక్కు చట్టంతోనే రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. పేర్లు మారుతూ వచ్చాయి. విద్యా కమిటీ అన్నారు, ఎస్‌ఎంసీ అన్నారు, తల్లిదండ్రుల కమిటీ అన్నారు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికి అధ్యక్ష స్థానం, హెచ్‌ఎంకు కన్వీనరు బాధ్యత ఇచ్చి, తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు వంటి పనులు అప్పగించారు. పేరు ఏదైనా, పుస్తకం ఎవరు చదువుతున్నారన్నదే నేను చూసేది.

"మాస్టర్లను గుప్పిట్లో పెట్టు. అప్పుడు గానీ దారికి రారు."

కొత్త అధ్యక్షులకు స్నేహితులు చెప్పే మాట. దీన్ని నమ్మి, తరగతి గదిలోకి వెళ్లి పిల్లల ముందే టీచరమ్మను నిలదీసిన అధ్యక్షుణ్ని నేను చూశాను. పిల్లలు ఆ టీచరును మళ్లీ అదే కళ్లతో చూడలేదు. టీచరు వేళకు వస్తున్నారా, రోజూ వస్తున్నారా అన్నది చూడటం కమిటీ పనే. ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 పని దినాలు, 800 గంటల బోధన జరగాలని చట్టం అనుబంధంలోనే ఉంది. గుణింతం ఎలా చెప్పాలన్నది మాత్రం కమిటీ పని కాదు. అనుమానముంటే సమావేశంలో అడగండి, పుస్తకంలో రాయించండి.

ఇదే విషయంలో రెండో వైపు ఎవరూ చెప్పరు. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పని తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ అంటుంది. అది సరిగ్గా అమలవుతోందా అని కనిపెట్టి ఉండాల్సింది కూడా కమిటీయే. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరిని ఏదో సర్వే అని బయటికి పంపితే ఐదు తరగతులు ఒక్కరి మీద పడతాయి. ఆ రోజు మండల విద్యాధికారి ఎంఈవోగారి దగ్గరకు టీచరు వెళ్లి అడగలేరు, ఉద్యోగం కదా. తల్లులు వెళ్లి అడగగలరు. నా సర్వీసులో ఒక్కసారే అలా నా కోసం నలుగురు తల్లులు మండల ఆఫీసు మెట్లెక్కారు. ఆ రోజును నేను మర్చిపోలేదు.

"అన్నం సంగతి వంటామె చూసుకుంటుంది."

వంటామె మంచి మనిషే కావచ్చు. బిల్లు నెలల తరబడి రాకపోతే ఆమె అప్పు తెచ్చి వండుతుంది. అప్పుడు పప్పు పలచబడుతుంది. తప్పు ఆమె ఒక్కదానిది కాదు. కానీ పలచబడిన పప్పు తినేది మన పిల్లలు. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని లెక్క. 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. అరవై మంది పిల్లలున్న బడి అనుకోండి. ఆరు కిలోల బియ్యం, కిలో రెండు వందల గ్రాముల పప్పు, మూడు కిలోల కూరలు పొయ్యి మీదకు ఎక్కాలి. ఇంట్లో రోజూ వండే మనిషి ఒక్కసారి గిన్నెలోకి తొంగి చూస్తే చాలు, పడిందో లేదో తెలిసిపోతుంది. త్రాసు అక్కర్లేదు. 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల్లో వంట నాణ్యత, వండే చోటు శుభ్రత చూసే బాధ్యత కమిటీకే ఇచ్చారు. వారానికి ఒక రోజు, చెప్పకుండా, వంతులు వేసుకుని వెళ్లండి. వెళ్లిన రోజు పిల్లలతో పాటు కూర్చుని నాలుగు ముద్దలు తినండి. వంటామె బిల్లు ఎన్నాళ్ల నుంచి ఆగిందో అడిగి, అదీ తీర్మానంలో రాయించండి.

"పిల్లకు తలో వంద వేసుకుంటే బడి బాగుపడుతుంది."

వద్దు. ప్రాథమిక విద్య పూర్తి చేయకుండా అడ్డుపడే ఏ రుసుమూ పిల్ల నుంచి తీసుకోకూడదని చట్టం చెబుతోంది. వంద ఇవ్వలేని ఇంటి పిల్ల మర్నాటి నుంచి బడికి రాదు. దాత ఎవరైనా ముందుకొస్తే సంతోషం. ఆ డబ్బు కూడా కమిటీ లెక్కలోకే రావాలి. ఎందుకంటే చట్టంలో ప్రభుత్వ గ్రాంటుతో పాటు "మరే ఇతర మార్గం" నుంచి వచ్చిన డబ్బునూ చూసే పని కమిటీకి ఉంది.

"ప్రణాళికలూ గట్రా పైవాళ్లే రాసి పంపుతారు. మనం సంతకం పెడదాం."

మళ్లీ సంతకం దగ్గరికే వచ్చాం. ఈ ప్రణాళికను సభ్యులు చిన్న చూపు చూస్తారు. అంకెలూ గడులూ ఉన్న కాగితం, మనకెందుకులే అనుకుంటారు. నిజానికి సర్కారు బడికి ఏమైనా రావాలంటే తలుపు అక్కడే తెరుచుకుంటుంది. గ్రాంట్లకు ఆధారం కమిటీ ప్రణాళికేనని 22వ సెక్షన్ చెబుతుంది. మూడేళ్లకు ఒక ప్రణాళిక, అందులో ఏడాదికొకటి చొప్పున ఉప ప్రణాళిక. రాబోయే మూడేళ్లలో ఏ తరగతిలో ఎంతమంది పిల్లలుంటారు, ఎంతమంది టీచర్లు కావాలి, గదులేమి, నీళ్లేమి, డబ్బెంత. ఇవి పైవాళ్లకు ఎలా తెలుస్తాయి? ఊళ్లో ఎన్ని ఇళ్లలో మూడేళ్ల పిల్లలున్నారో అంగన్‌వాడీ టీచరును అడిగితే చెబుతుంది. ఆమె కమిటీలోనే ఉంది. ఏ ఇంటి వాళ్లు వలస పోతున్నారో తల్లులకు తెలుసు.

మా బడిలో ఒకప్పుడు 64 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. అరవై దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు అని చట్టంలో ఉంది. 91 నుంచి 120 దాకా అయితే నలుగురు. ఈ లెక్క నేను కమిటీలో బల్ల మీద సుద్దతో రాసి చూపించాను. "అయితే మనకొకరు బాకీ" అంది ఒకామె. ఆ మాటే ప్రణాళికలో రాశాం, మూడో టీచరు కావాలని. ఎంఈవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ప్రతి సమావేశంలో ఆ రసీదు తీసి చూసి, మళ్లీ ఒక కాగితం పంపేవాళ్లం. మూడో టీచరు వచ్చిన రోజు ఆమెకు కొబ్బరికాయ కొట్టింది మేం కాదు, కమిటీ తల్లులు. పని జరగకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసుకోవడానికి 32వ సెక్షన్ దారి చూపింది. మూడు నెలల్లో తేల్చమంది. ఇవన్నీ కాగితం ఉన్నవాళ్లకే పనికొస్తాయి.

ఇంకో చిన్న మాట. "ఐదో తరగతి అయిపోతే మనమెటూ బయటికి పోతాం, ఎందుకింత కష్టం" అని కొందరు నీరుగారిపోతారు. పిల్ల బడి మారితే సభ్యత్వం పోతుంది, నిజమే. అందుకే వెళ్లే ముందు తర్వాతి వాళ్లను ఒకసారి కూర్చోబెట్టుకుని, పాత తీర్మానాలు చదివి వినిపించి వెళ్లండి. మా బడిలో సున్నం తల్లి అదే చేసింది. కూతురు ఆరులోకి హైస్కూలుకు వెళ్లిపోయిన ఏడాది, కొత్తగా ఎన్నికైన ముగ్గురు ఆడవాళ్లను తీసుకొచ్చి, నా చేత పాత పుస్తకం మొదటి నుంచి చదివించింది. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఎక్కడ ఆపి అడగాలో వాళ్లకు సైగ చేసింది.

ఇది చదువుతున్న మీ పిల్ల సర్కారు బడిలో ఉంటే ఒక పని చేయండి. ఆ పిల్ల తరగతి నుంచి కమిటీకి ఎన్నికైన వాళ్లెవరో రేపు బడి దగ్గర అడిగి తెలుసుకోండి. పేర్లు తెలిశాక వాళ్లింటికి వెళ్లి, కిందటి సమావేశంలో ఏం తీర్మానించారో అడగండి.